ఫెయిల్ కాకుండానే సప్లీ రాశాను

"ఎన్ని పోయినయ్ బిడ్డా?" అని అడిగారు ఇన్విజిలేటర్ మేడం, నా హాల్ టికెట్ చూస్తూ. ఏమీ పోలేదు మేడం, ఇంప్రూవ్‌మెంట్, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాస్తున్నా అన్నాను. ఆమె ఒకసారి నా మొహం చూసి, "సరే, మంచిగ రాయి" అని ముందుకు వెళ్లిపోయారు. నమ్మలేదని అర్థమైంది. నా ముందు బెంచీలో ఉన్నబ్బాయి వెనక్కి తిరిగి "నేను కూడా ఇంట్ల అదే చెప్పిన" అని నవ్వాడు.

2011 ఎండాకాలం, జగిత్యాలలో ఒక కాలేజీ. అప్పటికి జగిత్యాల ఇంకా జిల్లా కాలేదు, కరీంనగర్ జిల్లాలోనే ఉండేది. నేను ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, తెలుగు మీడియం, గవర్నమెంటు కాలేజీ. మార్చిలో రాసిన పరీక్షల్లో అన్నీ పాసయ్యాను. బాటనీ 48, జువాలజీ 51, ఫిజిక్స్ 38, కెమిస్ట్రీ 41. ఒక్కోటి 60కి. అంటే 240కి 178. మా ఊళ్లో అయితే ఇవి గొప్ప మార్కులే, మా అవ్వ పక్కింటివాళ్లకి చక్కెర కూడా పంచింది. కానీ డాక్టర్ అవ్వాలనుకునేవాళ్ల లెక్కలో ఇవి ఎక్కడున్నాయో కాలేజీకి మెమో తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు మా జువాలజీ సారు చెప్పారు. కార్పొరేట్ కాలేజీల పిల్లలకి 240కి 235, 238 వస్తాయి, నీకు వాళ్లకి ఎంసెట్ హాల్లోకి పోకముందే తేడా పడుతుంది అన్నారు.

ఇప్పటి పిల్లలకి ఇది తెలియదు కాబట్టి చెప్పాలి. అప్పట్లో మెడిసిన్ సీటు ఎంసెట్‌తోనే వచ్చేది, ఎంసెట్‌లో 2009 నుంచి ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ పెట్టారు. ఎంసెట్ 160 మార్కులకి, బాటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, నెగెటివ్ మార్కులు లేవు. దాన్ని 75కి కుదిస్తారు. ఇంటర్‌లో ఈ నాలుగు సబ్జెక్టులు రెండేళ్లవీ ప్రాక్టికల్స్‌తో కలిపి 600, దాన్ని 25కి కుదిస్తారు. రెండూ కలిపితే వందకి వచ్చేదాన్ని బట్టి ర్యాంకు. ఇంగ్లిషు, తెలుగు మార్కులు ఇందులోకి రావు. తెలుగులో 94 వచ్చిందని నేను ఎంత మురిసిపోయానో, అది ఈ లెక్కలో సున్నా.

ఇంప్రూవ్‌మెంట్ రాయి, కావలసిన పేపర్లకే ఫీజు కట్టుకోవచ్చు, మార్కులు తగ్గితే పాతవే ఉంటాయి, పోయేదేం లేదు అని సారే అన్నారు. పోయేదేం లేదన్నది ఆయన వైపు నుంచి నిజమే. కానీ ఆ పరీక్షలు సప్లిమెంటరీ వాళ్లతో కలిపే జరుగుతాయి. అవే తేదీలు, అదే సెంటర్, అదే బస్సు. మా ఊరి నుంచి జగిత్యాలకి పొద్దున ఏడింటి బస్సులో అట్ట పట్టుకుని ఎక్కిన ఆడపిల్ల అంటే ఎండాకాలంలో ఒకటే అర్థం. మొదటి రోజే కండక్టర్ "ఏం సబ్జెక్టు పోయింది" అన్నాడు. రెండో పరీక్ష అయ్యేసరికి ఊరంతా తెలిసింది. మూడో పరీక్ష ముందు రోజు రాత్రి దుబాయి నుంచి బాపు ఫోన్. "నువ్వు ఫెయిలైనవని అంటున్నరు, నాకెందుకు చెప్పలే?" బాపు ఉండే క్యాంపులో మా పక్క ఊరాయన ఒకాయన ఉన్నాడు, ఆయన భార్య ఫోన్‌లో చెప్పిందట. జగిత్యాల బస్సులో మొదలైన మాట దుబాయి చేరడానికి నాలుగు రోజులు కూడా పట్టలేదు. వెయిటేజీ గురించి ఫోన్‌లో పావుగంట చెప్పాను, అంతా విని బాపు "మరి పాసయితే మళ్ల ఎందుకు రాస్తున్నవ్?" అన్నాడు. మెమో మీద మార్కులన్నీ చదివి వినిపించాక గానీ శాంతించలేదు. అప్పటికే కార్డులో డబ్బులు అయిపోయాయి, బాపువి.

ఇక చదువు సంగతి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బాటనీ మూడింటికి కట్టాను. జువాలజీలో 51 నుంచి ఎంత పెరుగుతుందిలే అని వదిలేశాను, అదొక తప్పేమో. నెల రోజులు టైముంది. మొదటి వారం నేను చేసింది ఏంటంటే మళ్లీ మొదటి పేజీ నుంచి తెలుగు అకాడమీ పుస్తకాలు చదవడం. అంటే మార్చిలో ఏ పద్ధతిలో చదివి 38 తెచ్చుకున్నానో అదే పద్ధతి. సారు దగ్గరికి వెళ్తే, పుస్తకం మూసి బోర్ పరమాణు నమూనా రాసి చూపించు అన్నారు. రాశాను, మూడు పేజీలు. ఆయన చదివి "నువ్వు కథ బాగ చెప్తవ్, దిద్దేటోనికి కథ చదివే టైం ఉండదు" అన్నారు. ప్రతిపాదనలు ఎక్కడ, వ్యాసార్ధం సమీకరణం ఎక్కడ, లోపాలు ఎక్కడ, నేను వెతుక్కోవాలా అని అడిగారు. అప్పటిదాకా నాకు రావడం లేదు కాబట్టి మార్కులు రాలేదనుకున్నాను. నిజానికి సగం మార్కులు నాకు వచ్చిన జవాబుల్లోనే పోయాయి.

అక్కడి నుంచి పుస్తకం చదవడం మానేసి పేపర్ చదవడం మొదలుపెట్టాను. 60 మార్కుల పేపర్ అంటే రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి, ఛాయిస్ లేదు. నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు. ఎనిమిది మార్కులవి మూడింట్లో రెండు. అందరం ఆ ఎనిమిది మార్కుల ప్రశ్నల మీద పడి చస్తాం, అవి కలిపితే 16. రెండు మార్కులవి కలిపితే 20, ఛాయిస్ లేని చోటే మనం పట్టించుకోం. నా మార్చి ఫిజిక్స్ పేపర్ గుర్తు తెచ్చుకుంటే పది చిన్న ప్రశ్నల్లో నాలుగు సరిగ్గా రాసి ఉంటానేమో. కాబట్టి పాత ప్రశ్నపత్రాలు జగిత్యాల బస్టాండు దగ్గర షాపులో కొని, రెండు మార్కుల ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించి, ఒక్కోదానికి రెండు లైన్ల జవాబు రాసుకున్నాను. బాటనీలో ఫాబేసి, సోలనేసి, లిలియేసి కుటుంబాలకి పుష్పసూత్రం, పుష్పచిత్రం కళ్లు మూసుకుని వేసేదాకా వేశాను. ఫిజిక్స్‌లో పలాయన వేగం లాంటివి ఉత్పాదన మొత్తం రాసి, చివర సమీకరణం చుట్టూ పెన్సిల్‌తో డబ్బా గీయడం. ఈ డబ్బా విషయం నవ్వులాటగా ఉంటుంది కానీ నిజంగా పని చేసిందని ఇప్పటికీ అనుకుంటాను.

కరెంటు పొద్దున పోతే ఎప్పుడొచ్చేదో తెలియదు. అవ్వ వాకిట్లో వేపచెట్టు కింద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది, నేను పక్కన అదే చాప మీద. తునికాకు వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు ఫాబేసి గుర్తొస్తుంది. అవ్వకి చదవడం రాదు, కానీ నేను అప్పజెప్తుంటే ఆపితే మాత్రం పట్టుకునేది. "నిన్న ఇంకా పొడుగు చెప్పినవ్" అనేది.

ఫస్టియర్ వాళ్లకి పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, సెకండియర్ వాళ్లకి మధ్యాహ్నం రెండున్నర నుంచి. మాది పొద్దున కావడం అదృష్టం, మధ్యాహ్నం వాళ్లని తలచుకుంటే ఇప్పటికీ పాపం అనిపిస్తుంది. ఆ హాల్లో నాకు ఇంకోటి తెలిసింది. నా ముందు బెంచీ అబ్బాయి, ఇంట్లో ఇంప్రూవ్‌మెంట్ అని చెప్పినవాడు, కెమిస్ట్రీ ఒక్కటే పోయిందట, పాసవ్వడానికి కావలసింది 60కి 21. అతనికి ఆ 21 ఎంత కష్టమో నాకు 50 అంత కష్టం. పరీక్ష అయ్యాక ఇద్దరం అదే బస్టాండులో సోడా తాగి ఎవరి బస్సు వాళ్లం ఎక్కేవాళ్లం. పాసయ్యాడని తర్వాత విన్నాను.

ఫలితాలు వచ్చాయి. ఫిజిక్స్ 38 నుంచి 52. కెమిస్ట్రీ 41 నుంచి 50. బాటనీ 48 నుంచి 55. మొత్తం 30 మార్కులు పెరిగాయి, 178 కాస్తా 208 అయ్యింది. ఇంట్లో పండగ. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను, అసలు పరీక్షకి ముందే వేసి ఉండాల్సిన లెక్క. 600 మార్కులు 25 అవుతున్నాయంటే 24 ఇంటర్ మార్కులు కలిస్తే ఒక పాయింటు. నా 30 మార్కులు 1.25. ఎంసెట్‌లో ఒక మార్కు, అంటే ఒక బిట్టు, విలువ 0.47 దాకా ఉంటుంది. అంటే నెల రోజుల ఎండ, ఊరంతా ఫెయిల్ అన్న పేరు, దుబాయి ఫోను, అన్నీ కలిపి ఎంసెట్‌లో మూడు బిట్లు కూడా కాదు. 2.67 బిట్లు. కాసేపు ఏడుపొచ్చింది. అవ్వకి చెప్పలేదు.

సెకండియర్ గురించి ఎక్కువ చెప్పను. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది, నలభై రోజులకి పైగా సాగింది, లెక్చరర్లు కూడా సమ్మెలోనే. తప్పని నేను అనను, మేమూ రోడ్డు మీద కూర్చున్నాం, వంటా వార్పూ చేశాం. కానీ సిలబస్ మాత్రం ఎక్కడిదక్కడ ఆగింది. 2012 మార్చిలో థియరీ 240కి 199, ప్రాక్టికల్స్ 120కి 116. ఫస్టియర్‌తో కలిపి 600కి 523. ఎంసెట్‌లో 98. మొత్తం కలిపితే 67.73. ఆ ర్యాంకుకి గవర్నమెంటు సీటు కాదు కదా, ఆ ఛాయలకి కూడా పోలేం.

బాపు ఇంకో ఏడాది ఉండి వస్తానన్నాడు. ఆ ఏడాది జీతంతో నేను హైదరాబాద్‌లో లాంగ్ టర్మ్‌లో, అంటే ఎంసెట్ మళ్లీ రాసేవాళ్లకి ఏడాది కోచింగ్‌లో, చేరాను, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్. ఒక రూములో ఆరుగురం. అందులో మహబూబ్‌నగర్ వైపు అమ్మాయి ఒకామె నాకు బాగా దగ్గరైంది, పేరు రాయను, తను ఒప్పుకోదు. తనది నాకన్నా చురుకైన బుర్ర, ముఖ్యంగా ఫిజిక్స్‌లో. తనకి ఇంటర్‌లో 494.

ఆ ఏడాది జనవరిలో సెకండియర్ పేపర్లకి ఇంప్రూవ్‌మెంట్ కడదామా అని హాస్టల్లో చర్చ నడిచింది. ఈసారి నేను ముందే లెక్క వేశాను. కష్టపడితే ఇంకో 20 మార్కులు పెరగొచ్చు, అంటే 0.83, ఎంసెట్‌లో రెండు బిట్లు కూడా రావు. దాని కోసం మార్చి మొత్తం వ్యాసాలు రాస్తూ కూర్చుంటే ఎంసెట్ ప్రాక్టీసు పోతుంది. వద్దనుకున్నాను. లెక్క చూపిస్తే నా స్నేహితురాలు కూడా వద్దనుకుంది. "నువ్వు నెల కష్టపడి రెండున్నర బిట్లు సంపాదించినవా, ఆ టైంల నిద్రపోయినా అయిపోతుండె" అని నవ్వింది, నేనూ నవ్వాను.

ఇంకో గందరగోళం కూడా ఉండేది. ఆ ఏడాదే దేశమంతటికీ కలిపి నీట్ అన్నారు. నీట్ అయితే ఇంటర్ వెయిటేజీ ఉండదు, నెగెటివ్ మార్కులుంటాయి. మా రాష్ట్రానికి నీటా ఎంసెటా అన్నది కోర్టుల్లో తిరుగుతోంది. అంటే నా 1.25 పాయింట్లు ఉన్నట్టా లేనట్టా అన్నది కూడా ఢిల్లీలోనే తేలాలి. పైగా ఇంటర్ ఫస్టియర్‌కి అప్పుడే కొత్త సిలబస్ వచ్చేసింది, ఈసారి రాకపోతే వచ్చేసారి మా పుస్తకాలు పాతబడిపోతాయి. ఈ టెన్షన్ చాలదన్నట్టు 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబు పేలుళ్లు. మేం రోజూ నడిచే రోడ్డే. ఆ రాత్రి ఫోన్లు కలవలేదు, తెల్లారి అవ్వ, మా మేనమామ వచ్చి నన్ను ఊరికి తీసుకుపోయారు. పది రోజులు ఇంట్లోనే చదివాను, చదివాననడం ఎక్కువేమో, పుస్తకం ముందర పెట్టుకుని కూర్చున్నాను.

చివరికి మాకు ఎంసెట్టే అన్నారు. నీట్ మే 5న, మా ఎంసెట్ మే 10న. హాస్టల్లో కొందరు రెండూ రాశారు, నేను ఎంసెట్ ఒక్కటే. ఆ జూలై 18న సుప్రీంకోర్టు నీట్‌ని కొట్టేసింది, మళ్లీ తర్వాత వచ్చిందనుకోండి.

నాకు 124 వచ్చాయి. ఆమెకి 125.

ఇక్కడ కాస్త లెక్క ఓపిగ్గా చూడండి. నాది ఎంసెట్ నుంచి 58.13, ఇంటర్ నుంచి 21.79, మొత్తం 79.92. ఆమెది ఎంసెట్ నుంచి 58.59, ఇంటర్ నుంచి 20.58, మొత్తం 79.18. ముప్పావు పాయింటు కూడా తేడా లేదు. ఆ మధ్యలో ఎంతమంది ఉన్నారంటే మా ర్యాంకుల మధ్య వందలు. ఇద్దరిదీ ఉస్మానియా యూనివర్సిటీ పరిధి లోకల్ కోటా, ఇద్దరిదీ ఒకటే కేటగిరీ. కౌన్సెలింగ్ హాల్లో స్క్రీన్ మీద సీట్లు ఒక్కొక్కటే తగ్గుతుంటే చూస్తూ కూర్చున్నాను, నా వంతు వచ్చేసరికి ఆదిలాబాద్ రిమ్స్‌లో ఉంది, తీసుకున్నాను. ఆమె వంతు వచ్చేసరికి మా కేటగిరీలో గవర్నమెంటు సీటు లేదు. ప్రైవేటు కాలేజీ ఖర్చు వాళ్ల నాన్న భరించలేనన్నాడు. బీడీఎస్‌లో చేరింది.

నేను ఆ ఎండాకాలం బస్సెక్కకపోయి ఉంటే నా ఇంటర్ మార్కులు 493. ఆమెకన్నా ఒకటి తక్కువ. అప్పుడు మొత్తం 78.67, ఆమె వెనక నేను. ఈ లెక్క నేను ఆ హాల్లోనే వేశాను, హాల్ టికెట్ వెనక పెన్సిల్‌తో. ఆమె కూడా వేసిందని తర్వాత చెప్పింది. ఎంసెట్‌లో నాకన్నా ఎక్కువ తెచ్చుకున్న మనిషి నాకన్నా వెనక పడింది, అది కూడా వాళ్ల ఊరి కాలేజీలో ఇంప్రూవ్‌మెంట్ అనేది ఒకటుంటుందని చెప్పే సారు లేక. 2.67 బిట్లు అని నేను ఏడ్చిన మార్కులే అవి. సంతోషపడాలో లేదో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడు కూడా పూర్తిగా తెలియదు. ఆ వెయిటేజీ పద్ధతి మాత్రం నాకు నచ్చేది కాదు, నాకు లాభం జరిగాక కూడా. 30 మార్కులు పెరిగింది నాకు ఎక్కువ బయాలజీ వచ్చినందుకు కాదు, డబ్బాలు గీయడం నేర్చుకున్నందుకు. కార్పొరేట్ కాలేజీల్లో ఆ డబ్బాలు మొదటి రోజు నుంచే నేర్పిస్తారు.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా అన్నయ్య పోయిన వారం ఫోన్ చేశాడు. వాళ్లబ్బాయి బైపీసీ ఫస్టియర్ అయిపోయింది, నాలుగు సబ్జెక్టుల్లో కలిపి అరవై శాతం దాకా వచ్చాయి. "నువ్వప్పుడు ఇంప్రూవ్‌మెంట్ రాసే కదా డాక్టరైనవ్, వీనితోని గూడ రాపిస్తా" అన్నాడు. అన్నయ్యా, ఇప్పుడు సీటుకి దాంతో పని లేదు అన్నాను. నీట్‌లో ఇంటర్ మార్కులకి వెయిటేజీ లేదు. ఇద్దరికి ఒకే మార్కులు వచ్చినా ముందు బయాలజీ మార్కులు చూస్తారు, ఇంటర్ మెమో జోలికి పోరు. ఇంటర్ మార్కులు అర్హతకి మాత్రమే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్లకి 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి 40 శాతం ఉండాలి. మనం బీసీలం, వాడికి అరవై ఉంది. ఆ గీత దగ్గర ఊగుతున్న పిల్లలుంటే తప్పకుండా రాయాలి, నీట్‌లో ఎంత వచ్చినా ఆ శాతం లేకపోతే సీటు చేతికి రాదు, పైగా సెకండియర్ థియరీ, ప్రాక్టికల్స్ కలిశాక మొత్తం ఎంత అవుతుందో ముందు లెక్క చూసుకోవాలి, చాలామందికి అక్కడే గట్టెక్కుతుంది. వీడికి మాత్రం ఆ నెల రోజులు నీట్ ఫిజిక్స్ బిట్లకి పెట్టమను, 720లో పెరిగితే అక్కడ పెరగాలి.

అన్నయ్య అంతా విన్నాడు. ఇప్పుడు జగిత్యాలలోనే గవర్నమెంటు మెడికల్ కాలేజీ ఉంది కదా, 2022లో వచ్చింది, అక్కడ ఇంటర్ మార్కులు ఎక్కువుంటే లోకల్ పిల్లలని తీసుకోరా అని అడిగాడు. తీసుకోరు అన్నయ్యా, అక్కడా నీట్ ర్యాంకే అన్నాను. కొంచెంసేపు ఆగి, "మరి నువ్వు ఫెయిలయి రాసినవని బాపు ఇప్పటికీ అంటడు కదా, అది నిజమా?" అన్నాడు.

మెమో ఫోటో తీసి పంపించాను, మళ్లీ.